మెదడు రక్తప్రసరణ స్కాన్: రంగుల బొమ్మను ఎంతవరకు నమ్మాలి?

బేతంచెర్ల: ఫాలిజ్ అన్నా, పక్షవాతం అన్నా మన ఇళ్లలో ఒకటే భయం. మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి, కాలు పడిపోవడం, మాట తడబడటం. నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికైనా, ఇంట్లో ఉండే దాదీకైనా ఇది వస్తే ముందు కర్నూలుకో, నంద్యాలకో పరుగు తీస్తాం. పెద్ద ఆస్పత్రిలో తలకు సీటీ స్కాన్ తీస్తారు. ఈమధ్య కొన్ని ఆస్పత్రుల్లో దాంతోపాటు ఇంకో పరీక్ష కూడా చేస్తున్నారు. దాని పేరు సీటీ పర్ఫ్యూజన్. అంటే మెదడులో ఏ భాగానికి ఎంత రక్తం అందుతోందో కొలిచే స్కాన్.

కాసేపటికి కంప్యూటర్ తెర మీద ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో మెదడు బొమ్మ కనిపిస్తుంది. దాని కింద కొన్ని సంఖ్యలు ఉంటాయి. "ఇంత భాగం పోయింది, ఇంత భాగాన్ని ఇంకా కాపాడొచ్చు" అని డాక్టర్ చెప్తారు. ఆ ఒక్క మాట మీద ఇంటివాళ్లు పెద్ద నిర్ణయాలు తీసుకోవాల్సి వస్తుంది. ఇక్కడే ఉంచాలా? హైదరాబాద్ తీసుకుపోవాలా? నగలు కుదువ పెట్టాలా? లేక ఇంక లాభం లేదని ఇంటికి తీసుకుపోవాలా?

అందుకే ఆ సంఖ్య ఎలా వస్తుందో, అది ఎంతవరకు గట్టిదో ముందే కొంచెం తెలుసుకుని ఉండటం మంచిది. ఆపద వచ్చిన రాత్రి ఇవన్నీ నేర్చుకునే టైం ఉండదు. అసలు విషయం ముందే చెప్పేస్తాం: ఈ స్కాన్ మంచిదే, చాలామందిని కాపాడింది కూడా. కానీ అందులో కనిపించే సంఖ్య అంచనా మాత్రమే, తీర్పు కాదు.

యంత్రం చూసేది రక్తాన్ని కాదు

చాలామంది అనుకునేది ఏమిటంటే, యంత్రం రక్తం పారుతుంటే నేరుగా చూస్తుందని. అలా కాదు. చేతి నరంలోకి అయోడిన్ కలిసిన కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తారు. సుమారు 40 నుంచి 50 మిల్లీలీటర్లు, అదీ చాలా వేగంగా, సెకనుకు 4 నుంచి 6 మిల్లీలీటర్ల చొప్పున. ఆ మందు గుండె దాటి మెదడుకు చేరి, మెదడు దాటి వెళ్లిపోయే వరకు, అంటే దాదాపు ఒక నిమిషం పాటు, యంత్రం తల ఫొటోలు మళ్లీ మళ్లీ తీస్తూనే ఉంటుంది. మందు ఉన్నచోట ఎక్స్‌రే ఎక్కువ ఆగుతుంది, బొమ్మలో ఆ చోటు తెల్లబడుతుంది. యంత్రానికి తెలిసేది ఆ తెలుపు ఎప్పుడు పెరిగింది, ఎంత పెరిగింది, ఎప్పుడు తగ్గింది అన్నది మాత్రమే. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ వేసే లెక్క.

మన వైపు మాటల్లో చెప్పాలంటే ఇలా. సుంకేసుల దగ్గర కేసీ కాలువలో ఒక డ్రమ్ము రంగు పోశామనుకోండి. నంద్యాల దగ్గర వంతెన మీద ఒక మనిషిని గడియారంతో నిలబెట్టాం. రంగు ఎప్పుడొచ్చింది, ఎంత చిక్కగా వచ్చింది, ఎంతసేపటికి పోయింది అన్నది రాసుకుంటాడు. ఆ రాతను బట్టి కాలువలో నీళ్లు ఎంత పారుతున్నాయో మనం లెక్క కట్టొచ్చు. కానీ అతను నీళ్లను కొలవలేదు, రంగును చూశాడు. దారిలో తూము మూసి ఉన్నా, రంగు ఆలస్యంగా పోసినా, అతను తొందరపడి ముందే ఇంటికి వెళ్లిపోయినా లెక్క మారిపోతుంది.

సీటీలో కూడా ఇలా రక్తప్రసరణను కొలవొచ్చని 1980లో అమెరికా శాస్త్రవేత్త లియాన్ ఆక్సెల్ రాశారు. అప్పటి యంత్రాలకు అంత వేగం లేదు. 1990లలో వేగంగా తిరిగే స్కానర్లు వచ్చాక గానీ ఇది ఆస్పత్రుల్లోకి రాలేదు.

ఒక్క సెకను తేడాకు ఎంత మారుతుంది?

రిపోర్టులో మూడు నాలుగు మాటలు కనిపిస్తాయి. సీబీవీ అంటే ఆ భాగంలో ఉన్న రక్తం ఎంత. ఎంటీటీ అంటే రక్తం ఆ భాగాన్ని దాటడానికి సగటున పట్టే సమయం. సీబీఎఫ్ అంటే నిమిషానికి పారే రక్తం. టీమ్యాక్స్ అంటే మందు ఆ చోటికి చేరడంలో జరిగిన ఆలస్యం అని మోటుగా అనుకోవచ్చు.

సీబీవీని ఎంటీటీతో భాగిస్తే సీబీఎఫ్ వస్తుంది. ఉదాహరణకు వంద గ్రాముల మెదడులో 4 మిల్లీలీటర్ల రక్తం ఉంది, అది దాటడానికి 5 సెకన్లు పట్టింది అనుకుందాం. అప్పుడు నిమిషానికి 48 మిల్లీలీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మెదడుకు సగటున అందేది ఇంచుమించు అంతే, 50 దాకా. ఇప్పుడు అదే 5 సెకన్లను సాఫ్ట్‌వేర్ పొరపాటున 6 సెకన్లుగా చదివిందనుకోండి. 48 కాస్తా 40 అయిపోతుంది. మనిషి మెదడులో ఏమీ మారలేదు, ఒక్క సెకను చదవడంలో తేడా వచ్చిందంతే.

బోరు వేసినప్పుడు మన ఊళ్లలో జరిగేది గుర్తుందా? రిగ్గు అతను "రెండు ఇంచుల నీళ్లు పడ్డాయి" అంటాడు. మోటరు బిగించాక చూస్తే ఒకటిన్నర ఇంచు. పక్క చేని రైతు చూసి ఇంకో మాట చెప్తాడు. నీళ్లు ఉన్నాయన్నది నిజం, ఎన్ని ఇంచులన్న దాని మీదే పేచీ. ఈ స్కాన్ సంఖ్యలదీ అదే పరిస్థితి.

వాడిన చేను, ఎండిన చేను

మరి ఇంత కష్టపడి కొలవడం ఎందుకు? దానికి గట్టి కారణం ఉంది.

మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోతే దాని కింద ఉన్న భాగమంతా ఒకేసారి చచ్చిపోదు. రక్తం వంద గ్రాములకు నిమిషానికి 20 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే అక్కడి కణాలు పని ఆపేస్తాయి, అందుకే చెయ్యి పడిపోతుంది. కానీ ఇంకా బతికే ఉంటాయి. 10 కన్నా తగ్గితే కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోతాయి. నీళ్లు లేక వాడిన వేరుశనగ చేనుకు సాయంత్రం ఒక తడి ఇస్తే లేస్తుంది. వేరు దాకా ఎండిన చేనుకు ఎన్ని తడులిచ్చినా లాభం లేదు. పైకి చూస్తే రెండూ వాలిపోయే ఉంటాయి. మెదడులో ఎండిపోయిన భాగాన్ని డాక్టర్లు కోర్ అంటారు, వాడిన భాగాన్ని పెనంబ్రా అంటారు. ఏది ఎంత ఉందో చెప్పడానికి చేసే ప్రయత్నమే ఈ స్కాన్.

చాలా సాఫ్ట్‌వేర్లు వాడే కొలబద్ద ఇది: మెదడు అవతలి పక్కతో పోలిస్తే రక్తప్రసరణ 30 శాతం కన్నా తక్కువ ఉన్న చోటును కోర్‌గా లెక్కిస్తారు. టీమ్యాక్స్ 6 సెకన్లు దాటిన చోటును ప్రమాదంలో ఉన్న భాగంగా లెక్కిస్తారు. ఈ రెండింటి మధ్య తేడాయే కాపాడుకోగల భాగం. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోర్‌ను తేల్చడానికి అసలు సంఖ్య మీద ఆధారపడకుండా, రెండో పక్కతో పోల్చి చూస్తున్నారు. అసలు సంఖ్యలు నిలకడగా ఉండవని నిపుణులకు తెలుసు. అదే మనిషి, అదే గుండె, అదే మందు కాబట్టి రెండు పక్కలను పోల్చడం కాస్త నమ్మకమైన పద్ధతి.

లెక్క ఎక్కడెక్కడ తప్పుతుంది?

మొదటిది, తల కదలడం. ఆ నిమిషంలో పేషెంటు తల అటూ ఇటూ తిప్పితే ఒక ఫొటోలోని చోటు ఇంకో ఫొటోలో ఉండదు. పక్షవాతం వచ్చిన మనిషి కంగారులో ఉంటాడు, మాట అర్థం కాదు, కదలొద్దంటే వినే స్థితి ఉండదు. కొంత కదలికను సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది, మరీ ఎక్కువైతే బొమ్మ పాడవుతుంది.

రెండోది, బలహీనమైన గుండె. గుండె పంపింగ్ తగ్గినవాళ్లలో, గుండె లయ తప్పినవాళ్లలో మందు మెదడుకు ఆలస్యంగా చేరుతుంది. మందు పూర్తిగా దాటకముందే స్కాన్ ఆగిపోతే, సగం కథ విని తీర్పు చెప్పినట్టే. చిక్కేమిటంటే గుండె జబ్బు ఉన్నవాళ్లకే పక్షవాతం ఎక్కువగా వస్తుంది. చేతికి పెట్టిన సూది సన్నదైనా, మందు సరైన వేగంతో పోకపోయినా ఇదే ఇబ్బంది.

మూడోది, మెదడులోకి మందు ఎంత వెళ్తోందో చూడటానికి సాఫ్ట్‌వేర్ ఒక ధమనిని ఎంచుకోవాలి. కాలువ ఉదాహరణలో రంగు పోసిన చోటు లాంటిది అది. ఆ ఎంపిక తప్పితే తర్వాతి లెక్కంతా తప్పుతుంది.

నాలుగోది మనవాళ్లకు చాలా ముఖ్యం. పాత ఇరుకులు. షుగర్, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవాళ్లకు మెడ రక్తనాళాలు, మెదడు లోపలి రక్తనాళాలు ఏళ్ల తరబడి మెల్లగా ఇరుకైపోతాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 392 మంది పక్షవాతం పేషెంట్లను పరిశీలించి 2002లో వివరాలు ప్రచురించింది. మెదడు లోపలి రక్తనాళాలు ఇరుకవడం మన దగ్గర ఎంత ఎక్కువో అందులో బయటపడింది. అలాంటి మనిషికి రక్తం పక్కదారుల్లో చుట్టూ తిరిగి వస్తుంది. ఆలస్యంగా వచ్చినా సరిపడా వస్తుంది. కానీ స్కాన్‌లో టీమ్యాక్స్ పెరిగి, పెద్ద భాగం ప్రమాదంలో ఉన్నట్టు రంగు పడుతుంది. అది ఈరోజు వచ్చిన ముప్పా, పదేళ్ల నుంచి ఉన్న ఇరుకా అన్నది రక్తనాళాల స్కాన్, అంటే సీటీ యాంజియో, పక్కన పెట్టుకుని డాక్టర్ తేల్చాలి.

ఐదోది, పాత దెబ్బ. ఐదేళ్ల కిందట ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి అనుకోండి. అప్పుడు చచ్చిన భాగంలో ఇప్పటికీ రక్తప్రసరణ తక్కువే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా కొత్త కోర్‌లో కలిపేసే ప్రమాదం ఉంది. మామూలు సీటీ చూస్తే అది పాతదని తెలుస్తుంది. అందుకే పాత రిపోర్టులు, ఫిల్ములు ఇంట్లో ఒకచోట భద్రంగా పెట్టుకోవాలి.

ఆరోది, చిన్న దెబ్బలు. మెదడు లోతుల్లో చిన్న రక్తనాళాలు మూసుకుపోతే, లేదా మెదడు కాండంలో దెబ్బ తగిలితే ఈ స్కాన్‌లో కనపడకుండా పోవచ్చు. "స్కాన్ నార్మల్ వచ్చింది, ఏమీ లేదు" అనుకోవద్దు. చెయ్యి లేవకపోతే లేవనట్టే. మనిషిని చూసి చెప్పే వైద్యుడి మాట బొమ్మ కంటే ముందు.

ఏడోది, టైం. మొదటి గంట రెండు గంటల్లో తీసిన స్కాన్‌లో కోర్ అని చూపించిన భాగం, రక్తం త్వరగా తిరిగి అందితే తర్వాత బతికి కనిపించిన సందర్భాలు ఉన్నాయి. డాక్టర్లు దీన్ని దెయ్యం కోర్ లాంటి పేరుతో పిలుస్తారు, ఉన్నట్టు కనిపించి లేకుండా పోతుంది కాబట్టి. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. గడ్డ దానంతటదే కరిగి రక్తం మళ్లీ పారితే రంగుల బొమ్మ బాగానే కనిపిస్తుంది. కానీ ఆలోపే ఆ భాగం చచ్చిపోయి ఉండొచ్చు.

ఒకే పేషెంటు, ఐదు సాఫ్ట్‌వేర్లు

2010లో జపాన్ పరిశోధకులు ఒక మంచి పని చేశారు. పది మంది పక్షవాతం పేషెంట్ల స్కాన్ డేటాను తీసుకుని, అదే డేటాను ఐదు వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్లలో వేసి చూశారు. పేషెంట్లు వాళ్లే, ఫొటోలు అవే. అయినా బొమ్మలు, సంఖ్యలు కంపెనీని బట్టి మారిపోయాయి. మందు ఆలస్యంగా చేరడాన్ని ఒక సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది, ఇంకోటి సర్దుకోదు. తేడాకు అది ఒక పెద్ద కారణం.

దీని నుంచి మనం నేర్చుకోవాల్సింది సాదా విషయం. కర్నూలులో ఒక మెషిన్ మీద 40 మిల్లీలీటర్ల కోర్ అన్నారు, హైదరాబాద్‌లో ఇంకో మెషిన్ మీద 55 అన్నారు అంటే, దారిలో పేషెంటు అంత చెడిపోయాడని వెంటనే అనుకోవద్దు. చెడిపోయి ఉండొచ్చు, కొలిచిన చెయ్యి మారి ఉండొచ్చు. రెండు రిపోర్టుల్లో సంఖ్యలు కలవలేదని ఏదో ఒక డాక్టర్‌ను అనుమానించడం కూడా సరికాదు.

అయితే ఈ స్కాన్ పనికిరాదా?

పనికొస్తుంది. చాలా పనికొస్తుంది. 2018లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు దానికి రుజువు.

అంతకుముందు మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయి ఆరు గంటలు దాటితే, తొడ నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్సకు టైం అయిపోయిందనుకునేవారు. డాన్ అనే పరిశోధన 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవాళ్లను తీసుకుంది. డిఫ్యూజ్-3 అనేది 6 నుంచి 16 గంటల మధ్య వచ్చినవాళ్లను తీసుకుంది. స్కాన్‌లో కోర్ చిన్నగా ఉండి, కాపాడుకోగల భాగం మిగిలి ఉన్నవాళ్లనే ఎంచుకున్నారు. డిఫ్యూజ్-3లో 182 మంది ఉన్నారు. గడ్డ తీసినవాళ్లలో 45 శాతం మంది మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగారు. మందులతోనే చికిత్స చేసినవాళ్లలో అది 17 శాతమే. డాన్‌లో ఆ తేడా 49 శాతం, 13 శాతం. వైద్యంలో ఇంత తేడా అరుదుగా చూస్తాం. సంఖ్య కచ్చితంగా లేకపోయినా, వాడిన చేనునూ ఎండిన చేనునూ మోటుగా వేరు చేయగలిగితేనే ఇంత లాభం వచ్చింది.

అంటే "ఆలస్యమైంది, ఇంక వద్దు" అన్న మాటను ఈ స్కాన్ మార్చేసింది. దాని అసలు బలం ఇదే, ఒక అవకాశం మిగిలి ఉందని చూపడం. అవకాశం లేదని తేల్చే విషయంలో మాత్రం దీని మాటకు అంత బలం లేదు.

పెద్ద మచ్చ కనిపిస్తే అంతా అయిపోయినట్టా?

డిఫ్యూజ్-3లో కోర్ 70 మిల్లీలీటర్ల కన్నా తక్కువ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. దాంతో చాలాచోట్ల అది దాటితే చికిత్స లేదన్నట్టు ఒక గీత పడింది. ఆ గీత అంత గట్టిది కాదని తర్వాత తేలింది. 2022లో జపాన్ నుంచి, 2023లో సెలెక్ట్-2, చైనా నుంచి యాంజెల్ యాస్పెక్ట్ అనే పరిశోధనలు వచ్చాయి. వీటిలో పెద్ద కోర్ ఉన్నవాళ్లకే గడ్డ తీసి చూశారు. సెలెక్ట్-2లో గడ్డ తీసినవాళ్లలో 20 శాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు, తీయనివాళ్లలో 7 శాతం. చిన్న కోర్ ఉన్నవాళ్లకు వచ్చినంత లాభం కాదు, కానీ లాభమే. పెద్ద మచ్చ ఉన్నవాళ్లలో చాలామందికి ఎంత చేసినా వైకల్యం మిగులుతుంది, ప్రాణాలు పోయేవాళ్లూ ఉంటారు. దీన్ని దాచుకోకూడదు. అయినా కేవలం ఒక సంఖ్యను చూసి "తీసుకుపోండి" అనడానికీ, మనం "సరే" అనడానికీ ముందు ఇంకో ప్రశ్న అడగాలి: మనిషి వయసు, ఇంతకుముందు ఆరోగ్యం, మామూలు సీటీలో కనిపించేది, ఇవన్నీ కలిపి చూస్తే మీ అభిప్రాయం ఏమిటి?

బేతంచెర్ల నుంచి బయలుదేరేటప్పుడు

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మన మండలం నంద్యాల జిల్లాలోకి వచ్చింది. అయినా పెద్ద జబ్బంటే కాళ్లు కర్నూలు పెద్దాసుపత్రి వైపే పోతాయి. రెండు వైపులా దాదాపు గంట, గంటన్నర ప్రయాణం. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నరాల కణాలు చచ్చిపోతాయని ఒక లెక్క ఉంది. ఆ లెక్కన ఇంట్లో పోగొట్టే అరగంట చాలా ఖరీదైనది. మూతి ఒక్కటే వంకర పోయే లఖ్వా వేరే జబ్బు కావచ్చు, కానీ ఆ తేడా ఇంట్లో తేల్చే పని పెట్టుకోవద్దు. పావురం నెత్తురు పూయడం, పసరు పోయడం, నిద్రపోతే తగ్గుతుందిలే అనుకోవడం వద్దు. 108కు ఫోన్ చేయండి. ఎక్కడికి తీసుకుపోతే ఈ టైంలో సీటీ స్కాన్, చూసే డాక్టర్ ఇద్దరూ దొరుకుతారో వాళ్లనే అడగండి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సరిచేయాలి. "రంగుల స్కాన్ ఉన్న ఆస్పత్రికే పోవాలి" అని దగ్గరి ఆస్పత్రిని దాటి దూరం పోవద్దు. మొదటి నాలుగున్నర గంటల్లో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి మామూలు సీటీ చాలు. మెదడులో రక్తస్రావం లేదని దాంట్లో తెలుస్తుంది. మొదటి ఆరు గంటల్లో గడ్డను బయటికి లాగాలంటే మామూలు సీటీతో పాటు సీటీ యాంజియో ఉంటే సాధారణంగా సరిపోతుంది. పర్ఫ్యూజన్ స్కాన్ అవసరం ఎక్కువగా వచ్చేది ఆ టైం దాటినప్పుడు, లేదా జబ్బు ఎప్పుడు మొదలైందో తెలియనప్పుడు.

ఆ రెండోది మన ఇళ్లలో తరచుగా జరుగుతుంది. రాత్రి ఇషా నమాజ్ చేసుకుని బాగానే మాట్లాడి పడుకున్నారు. ఫజర్‌కు లేపితే చెయ్యి లేవలేదు. డాక్టర్ గడియారం ఫజర్ నుంచి మొదలవదు, చివరిసారి బాగున్నప్పటి నుంచి మొదలవుతుంది. మధ్యలో రెండు గంటలకు లేచి నీళ్లు తాగారా, బాత్రూంకు నడిచి వెళ్లారా, రంజాన్ అయితే సహరీకి లేచి మాట్లాడారా అన్నది ఇంట్లో అందరినీ అడిగి ఆ టైం కాగితం మీద రాసుకోండి. ఆ ఒక్క సమాచారం చికిత్స మార్గాన్నే మార్చొచ్చు. ఇలా నిద్రలో వచ్చినవాళ్లకు, ఆలస్యమైనవాళ్లకు కూడా పర్ఫ్యూజన్ స్కాన్ చూసి, కొందరికి గడ్డ కరిగించే మందు ఇవ్వొచ్చని 2019లో వచ్చిన ఎక్స్‌టెండ్ పరిశోధన చూపింది.

మందు, రేడియేషన్ భయం

కాంట్రాస్ట్ మందు వల్ల ఒంట్లో ఒక్కసారిగా వేడి పుట్టినట్టు అనిపిస్తుంది, అది మామూలే. ఇంతకుముందు ఇలాంటి మందు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే, కిడ్నీ జబ్బు ఉంటే, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి. మామూలుగా ఇలాంటి స్కాన్లకు ఖాళీ కడుపు అడుగుతారు గానీ, పక్షవాతం ఎమర్జెన్సీలో దాని కోసం ఆగరు.

తలను చాలాసార్లు స్కాన్ చేస్తారు కాబట్టి మామూలు సీటీ కన్నా రేడియేషన్ ఎక్కువే. దీని గురించి ప్రపంచం జాగ్రత్తపడింది ఒక పాత సంఘటనతో. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో సీడార్స్-సైనాయ్ ఆస్పత్రిలో యంత్రం సెట్టింగ్ తప్పుగా ఉండిపోయి, 18 నెలల్లో 206 మందికి ఉండాల్సిన దానికన్నా దాదాపు ఎనిమిది రెట్ల రేడియేషన్ పడింది. కొందరికి జుట్టు రాలిపోయాక గానీ 2009లో అది బయటపడలేదు. ఆ అక్టోబరులో అమెరికా ఎఫ్‌డీఏ అన్ని ఆస్పత్రులనూ హెచ్చరించింది. డోసు మరీ తగ్గిస్తే బొమ్మ గరుకుగా వచ్చి లెక్క తప్పుతుంది, పెంచితే హాని. ఈ సమతూకం కుదరాలి. అవసరమున్న పేషెంటుకు సరైన సెట్టింగుతో తీస్తే లాభమే ఎక్కువ. అలాగని వట్టి తలనొప్పికి, "ఒకసారి చూపించుకుందాం" అని తీయించుకునే స్కాన్ మాత్రం కాదిది.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

గొడవపడే పని లేదు, మర్యాదగా అడగొచ్చు. అడిగితే మంచి డాక్టర్లు చెప్తారు.

ఒకటి: మామూలు సీటీలో, యాంజియోలో కనిపించేదీ ఈ రంగుల బొమ్మా ఒకే మాట చెప్తున్నాయా?

రెండు: స్కాన్ టైంలో తల కదిలిందా? మందు సరిగా వెళ్లిందా? బొమ్మ క్వాలిటీ బాగుందా?

మూడు: పెద్ద రక్తనాళం మూసుకుపోయిందా? అయితే గడ్డ తీసే చికిత్స ఇక్కడ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు?

నాలుగు: ఈ మచ్చలో పాత దెబ్బ, పాత ఇరుకు ఏమైనా కలిసి ఉందా?

ఐదు: సంఖ్యను పక్కన పెట్టి, మనిషిని చూసి మీరు ఏమంటారు?

ఇంకో ఆస్పత్రికి మార్చాల్సి వస్తే రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుపోవద్దు. స్కాన్ ఫొటోలన్నీ ఉన్న సీడీ అడిగి తీసుకోండి, అవతలి డాక్టర్‌కు ఫోన్‌లో ముందే పంపించగలరేమో అడగండి. అలా చేస్తే అక్కడ మళ్లీ స్కాన్ తీసే టైం, ఖర్చు మిగలొచ్చు. ఆధార్, రేషన్ కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, కార్డు వెంట ఉంచుకోండి. ఏ చికిత్స దాని కింద వస్తుందో ఆస్పత్రిలోని ఆ డెస్కులో అడగండి. ఆ పని ఒకరు చూసుకుంటే, ఇంకొకరు పేషెంటు దగ్గరే ఉండాలి.

ఇవన్నీ ఈరోజే ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఉంటే మాత్రల చీటీ, పాత స్కాన్లు, 108 నంబరు ఒకే సంచిలో పెట్టి, అది ఎక్కడుందో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.